గ్రిల్డ్ చికెన్, ఫ్రైస్, సలాడ్: ఇందులో గోధుమ ఎక్కడ దాక్కుంది?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. ఏడాదిన్నర కిందట ఎండోస్కోపీ, బయాప్సీ చేసి సీలియాక్ వ్యాధి అని తేల్చారు. అప్పటినుంచి ఇంట్లో గోధుమ, బార్లీ, రై (గోధుమ లాంటి ఒక ధాన్యం) ఏవీ లేకుండా చూసుకుంటున్నాను. ఉద్యోగం వల్ల నెలలో కొన్నిసార్లు బయట తినక తప్పదు. బ్రెడ్, పాస్తా, కేకుల జోలికి పోను. ఎక్కడికెళ్లినా ఎప్పుడూ ఒకటే ఆర్డర్: సూప్, గ్రిల్డ్ చికెన్, ఫ్రెంచ్ ఫ్రైస్, సలాడ్. అయినా సగం సార్లు మర్నాటికి కడుపు ఉబ్బరం, విరేచనాలు, రెండు రోజుల నీరసం. సీలియాక్ అదుపులో ఉందో లేదో చూపే టీటీజీ రక్తపరీక్ష మొన్న చేయిస్తే అందులో విలువ ఇంకా ఎక్కువగానే ఉంది. 'మీకు తెలియకుండా ఎక్కడో తింటున్నారు' అన్నారు డాక్టరు. సర్వర్‌ని అడిగితే 'గ్లూటెన్ ఏమీ లేదండీ' అంటారు. అంతకంటే ఎక్కువ అడగాలంటే నాకు మొహమాటం. 'చిటికెడు పడితే ఏమవుతుందిలే' అని మావారు తేలిగ్గా తీసేస్తారు. ఎంజైమ్ మాత్రలు వేసుకుని తినొచ్చని ఒక స్నేహితురాలు చెప్పింది, నిజమేనా? వచ్చే వారం మా ఆఫీసు వాళ్లది ఒక హోటల్లో బఫే డిన్నర్ ఉంది. అప్పుడే టెన్షన్ మొదలైంది. బయట నేను ఏం తినొచ్చో చెప్పండి. (పేరు వద్దు)

సమాధానం: మీరు రాసినదాంట్లో అసలు ఆధారం 'ఎప్పుడూ ఒకటే ఆర్డర్' అన్న మాటలో ఉంది. అదే ఆర్డర్ ఒకచోట పడి, ఇంకోచోట పడలేదంటే తేడా వంటకం పేరులో లేదు, వండిన చోట ఉంది. అందుకే ఏం తినొచ్చో చెప్పే జాబితా మీకు ఇవ్వను. అలాంటి జాబితా మీ దగ్గర ఇప్పటికే ఉంది, దాన్ని నమ్ముకునే ఇబ్బంది పడుతున్నారు. కిచెన్‌లో ఏం జరుగుతుందో, అది ఎలా కనుక్కోవాలో చెబుతాను.

ముందు మీవారి చిటికెడు సంగతి తేల్చేద్దాం. సీలియాక్ అంటే అరుగుదల సరిగ్గా లేకపోవడం అనుకుంటారు చాలామంది. గోధుమ, బార్లీ, రైలలో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ లోపలికి వెళితే మన రోగనిరోధక వ్యవస్థ మన చిన్నపేగు మీదే దాడి చేయడం అసలు జబ్బు. పోషకాలను పీల్చుకునే పేగు లోపలి పొర దానివల్ల దెబ్బతింటుంది. ఎంత గ్లూటెన్ తింటే ఈ దెబ్బ తగులుతుందో తెలుసుకోవడానికి ఇటలీ పరిశోధకులు చేసిన ఒక అధ్యయనం 2007లో వచ్చింది. రోజుకు 50 మిల్లీగ్రాముల చొప్పున మూడు నెలలు తీసుకున్నవాళ్ల పేగులో ఆ దెబ్బ కనిపించింది. రోజుకు 10 మిల్లీగ్రాముల లోపైతే ఎక్కువమందికి ఫర్వాలేదని నిపుణులు సాధారణంగా చెబుతారు. ఇక మామూలు బ్రెడ్ ముక్క ఒక్కదానిలో దాదాపు రెండు గ్రాముల గ్లూటెన్ ఉంటుంది. అంటే 50 మిల్లీగ్రాములు ఆ ముక్కలో నలభయ్యో వంతు. కట్టింగ్ బోర్డు మీద రాలిన బ్రెడ్ పొడి సరిపోతుంది దానికి. ఈ లెక్క మీవారి ముందు పెట్టండి.

ఇంకో సంగతి. మీకు ఇబ్బంది కలగని ఆ మిగతా సగం భోజనాల్లో గ్లూటెన్ లేదని కూడా అనుకోకండి. పైకి ఏమీ తెలియకుండానే పేగు దెబ్బతినడం సీలియాక్‌లో మామూలే. కాబట్టి 'ఆ రెస్టారెంట్‌లో తింటే నాకేం కాలేదు' అన్నది ఒక సూచన మాత్రమే, దాన్ని సర్టిఫికెట్‌గా తీసుకోవద్దు.

ఇక మీ ఆర్డర్‌కి వద్దాం. నేనైతే మొట్టమొదట కొట్టేసేది సూప్‌ని. క్రీమ్ సూప్ చాలావరకు వెన్నలో మైదా వేయించి చిక్కబరిచినదే. పలచటి సూప్ అయితే నయమనిపిస్తుంది కానీ, దానికి రుచినిచ్చే స్టాక్ (మాంసమో కూరగాయలో మరిగించిన రసం) కోసం వాడే పొడిలోనో క్యూబ్‌లోనో గోధుమ పిండి, బార్లీ మాల్ట్ లాంటివి ఉండొచ్చు. పైగా సూప్ మీరు వచ్చాక వండేది కాదు. పొద్దున్నే పెద్ద గిన్నెలో కాచి పెడతారు. మీరు ఎంత మర్యాదగా అడిగినా అందులోంచి మైదాని వెనక్కి తీయలేరు. గ్రేవీ, వైట్ సాస్, వేయించిన మాంసం మీద పోసే బ్రౌన్ సాస్, అన్నిటిదీ ఇదే కథ. 'కార్న్‌ఫ్లోర్‌తో చిక్కబరుస్తాం' అని చెబితే సంతోషమే, కానీ స్టాక్ దేనితో కాచారో కూడా అడగాలి.

గ్రిల్డ్ చికెన్‌లో రెండు చిక్కులు. మొదటిది నానబెట్టడం. చికెన్‌కి ముందురోజే మసాలా పట్టించి ఉంచుతారు, అందులో సోయా సాస్ పడటం చాలా మామూలు. సోయా సాస్ పేరులో సోయా ఒక్కటే వినిపిస్తుంది కానీ, సంప్రదాయంగా దాన్ని పులియబెట్టేది సోయా గింజలు, గోధుమలు దాదాపు సమానంగా కలిపి. టెరియాకి, హోయిసిన్ లాంటి సాసుల్లోనూ, సీసాల్లో వచ్చే చాలా బార్బెక్యూ సాసుల్లోనూ ఈ అనుమానం ఉంటుంది. కొన్నిచోట్ల రంగు బాగా రావడానికి మాంసం ముక్క మీద పలచగా పిండి కూడా చల్లుతారు. రెండో చిక్కు గ్రిల్. మీ చికెన్ కాల్చిన చోటే అయిదు నిమిషాల ముందు బర్గర్ బన్నులు వేడి చేసి ఉండొచ్చు. బన్నుని తిప్పిన పటకారే మీ ముక్కనీ తిప్పుతుంది. ఎర్రగా కాలిన గ్రిల్ మీద ఇంకా గ్లూటెన్ ఎక్కడుంటుంది అంటారు. సూక్ష్మజీవి అయితే వేడికి చచ్చేది. గ్లూటెన్ ప్రొటీన్ కాబట్టి వంట వేడికి పోదు. అందుకే మీరు అడగాల్సింది ఇలా: మసాలా పట్టించని ముక్క తీసుకుని, ఉప్పు, మిరియాలు, నూనె మాత్రం వేసి, కడిగిన పాన్‌లో విడిగా చేస్తారా? పాన్ ఖాళీ లేదంటే గ్రిల్ మీద శుభ్రమైన ఫాయిల్ పరిచి చేసినా సరే.

ఫ్రైస్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. సీలియాక్ ఉన్నవాళ్లు బయట ఎక్కువగా నమ్మి మోసపోయేది వీటి దగ్గరే. బంగాళాదుంప, నూనె, ఉప్పు, ఇంతే కదా అనిపిస్తుంది. ఒకటి, ఫ్రీజర్ నుంచి వచ్చే కొన్ని రకాల ఫ్రైస్‌కి కరకరలాడటం కోసం ముందే పిండి పూత వేసి ఉంటుంది. రెండు, ఫ్రయ్యర్. చాలా కిచెన్లలో ఒకటో రెండో ఫ్రయ్యర్లు ఉంటాయి. వాటిలోనే బ్రెడ్ పొడి అద్దిన చికెన్, పిండిలో ముంచిన చేపలు, ఉల్లిపాయ రింగులు, అన్నీ వేగుతాయి. రాలిన పొడి ఆ నూనెలోనే తిరుగుతుంటుంది. దీన్ని పరీక్షించి చూసిన అధ్యయనం ఒకటి 2021లో అమెరికాలో వచ్చింది. గోధుమ పదార్థాలు కూడా వేయించే ఫ్రయ్యర్లలో చేసిన ఫ్రైస్‌ని పది రెస్టారెంట్లలో కొని, 20 ఆర్డర్లు ల్యాబ్‌లో చూస్తే 9 ఆర్డర్లలో గ్లూటెన్ కనిపించింది. వాటిలో ఐదింట్లో అది గ్లూటెన్ ఫ్రీ అనడానికి అనుమతించిన హద్దు దాటింది. చిన్న అధ్యయనమే అయినా మీ 'సగం సార్లు' అన్న అనుభవానికి దగ్గరగా ఉంది చూడండి. ఒకే ఫ్రయ్యర్, అదే నూనె, ఒక పూట ఏమీ ఉండదు, ఇంకో పూట ఉంటుంది. 'మీ ఫ్రైస్‌లో గ్లూటెన్ ఉందా' అని అడిగితే లేదనే చెబుతారు, అది అబద్ధం కూడా కాదు. 'ఈ ఫ్రయ్యర్‌లో ఇంకేం వేయిస్తారు' అని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. ఫ్రైస్‌కి మాత్రమే విడిగా ఫ్రయ్యర్ ఉందని స్పష్టంగా చెప్పకపోతే ఉడికించిన లేదా ఓవెన్‌లో కాల్చిన బంగాళాదుంప అడగండి. రుచి తక్కువే, ఒప్పుకుంటాను.

సలాడ్ గురించి అంత భయం అక్కర్లేదు. పైన చల్లే వేయించిన బ్రెడ్ ముక్కలు, పిండి అద్ది వేయించిన ఉల్లిపాయలు, సీసాలోంచి పోసే డ్రెస్సింగ్, ఈ మూడూ వద్దనండి. డ్రెస్సింగ్ బదులు నూనె, నిమ్మకాయ విడిగా ఇమ్మనండి. పీత మాంసం వేసిన సలాడ్ అయితే అది నిజం పీతేనా అని అడగండి. పీతలా కనిపించే సురిమి కర్రల్లో గోధుమ పిండిపదార్థం కలపడం మామూలు. వీగన్ అని రాసి ఉన్నంత మాత్రాన సురక్షితం కాదు, శాకాహార మాంసంగా వడ్డించే సెయ్‌టాన్ అచ్చంగా గ్లూటెనే. బుల్గుర్, కూస్‌కూస్ రెండూ గోధుమే. ఇవన్నీ చెప్పినా సలాడ్ మీద బ్రెడ్ ముక్కలు వేసుకొచ్చారనుకోండి, వాటిని ఏరేసి తినకండి, కొత్తగా చేసి తెమ్మనండి. కొత్త ప్లేటు మీ ముందుకు వచ్చేదాకా పాతది మీ దగ్గరే ఉంచుకోండి. లేకపోతే లోపలికి తీసుకెళ్లి, ముక్కలు తీసేసి, అదే ప్లేటు తిరిగి తెచ్చే అవకాశం లేకపోలేదు. ఇది వాళ్ల చెడుతనం కాదు, హడావుడిలో జరిగే పని.

ఇప్పుడు సర్వర్ చెప్పే 'లేదండీ' దగ్గరికి వద్దాం. ఆ మాట నమ్మొద్దని చెప్పను. మీ ప్రశ్న మార్చమంటాను. అవును, కాదు అని జవాబొచ్చే ప్రశ్న అడిగితే, తెలిసినా తెలియకపోయినా కస్టమర్‌కి నచ్చే జవాబే వస్తుంది. గ్లూటెన్ అంటే చక్కెర అనుకునేవాళ్లు ఉన్నారు, అన్నంలోనూ ఉంటుందనుకునేవాళ్లు ఉన్నారు, బ్రెడ్ లేకపోతే చాలనుకునేవాళ్లు ఇంకా ఎక్కువ. అందుకే ఎలా వండుతారో వివరించి చెప్పాల్సి వచ్చేలా అడగండి. ఈ సాస్ దేనితో చిక్కబడుతుంది? చికెన్ దేంట్లో నానింది? ఈ పాన్‌లో ముందు ఏం వండారు? పాస్తా నీళ్లు ప్రతిసారీ మారుస్తారా? వీటికి 'ఉండండి, లోపల అడిగొస్తాను' అని వెళ్లినవాళ్ల మీద నాకు నమ్మకం ఎక్కువ. చెఫ్‌ని అడిగి వచ్చి 'సోయా సాస్ పడుతుందట, వద్దు' అని చెప్పారంటే ఆ కిచెన్‌లో ఇంకేదైనా ఆర్డర్ చేయొచ్చు. ఆలోచించకుండా, మీ మాట పూర్తవకముందే 'నో ప్రాబ్లమ్' అన్నచోట నేనైతే కాఫీ తాగి లేస్తాను. 'మాది చిన్న కిచెన్, గ్యారంటీ ఇవ్వలేం' అన్నవాళ్లని చూసి మాత్రం కోపం తెచ్చుకోవద్దు. మీకు కావాల్సిన నిజం చెప్పింది వాళ్లే.

మెనూలో గ్లూటెన్ ఫ్రీ గుర్తు కనిపిస్తే ప్రాణం లేచొస్తుంది, తెలుసు. దానికి కూడా హద్దులున్నాయి. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం గ్లూటెన్ ఫ్రీ అంటే కిలో ఆహారంలో 20 మిల్లీగ్రాములకు మించకూడదు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2013లో పెట్టిన నిబంధనా ఇంచుమించు ఇదే, యూరప్‌లోనూ ఇదే హద్దు. ప్యాకెట్ల విషయంలో ఇది బాగానే పనిచేస్తుంది. ఒక ఫ్యాక్టరీ, ఒక పద్ధతి, పరీక్షలు. రెస్టారెంట్ కిచెన్‌లో పరీక్షలు చేసేదెవరు? చిన్న పరికరంతో తమ ప్లేటులోని ఆహారాన్ని తామే పరీక్షించుకున్నవాళ్ల వివరాలు పోగుచేసి అమెరికా పరిశోధకులు 2019లో ఒక అధ్యయనం ప్రచురించారు. గ్లూటెన్ ఫ్రీ అని రెస్టారెంట్లు అమ్మిన ఆహారంలో 32 శాతం పరీక్షల్లో గ్లూటెన్ దొరికింది. పిజ్జా, పాస్తాలో అయితే సగానికి పైగా. ఉదయం టిఫిన్ వేళ తక్కువ, రాత్రి భోజనం వేళ ఎక్కువ. ఆ లెక్కని యథాతథంగా తీసుకోలేం. అనుమానం వచ్చిన ప్లేటునే జనం ఎక్కువగా పరీక్షిస్తారు, పైగా ఆ పరికరం కిలోకి 20 మిల్లీగ్రాముల కంటే తక్కువ ఉన్నా కొన్నిసార్లు పట్టుకుంటుంది. అయినా పిజ్జా, పాస్తా ముందు వరుసలో ఉండటంలో ఆశ్చర్యం లేదు. మైదా గాలిలో ఎగిరే కిచెన్, బేస్ వేరైనా అదే ఓవెన్, అదే గరిటె, అదే సాస్ గిన్నె. గ్లూటెన్ లేని పాస్తాని గోధుమ పాస్తా ఉడికిన నీళ్లలోనే వేస్తే హద్దు దాటొచ్చని కూడా పరీక్షల్లో తేలింది. కాబట్టి గుర్తు ఉన్న పిజ్జా కంటే గుర్తు లేని, కడిగిన పాన్‌లో చేసిన చేప ముక్కే నయం అంటాను.

మెనూలో వాడే మాటలు కూడా జాగ్రత్తగా చదవండి. 'గ్లూటెన్ ఫ్రెండ్లీ' అంటే దినుసుల్లో లేదు, కిచెన్ సంగతి మా బాధ్యత కాదు అని అర్థం. 'వీట్ ఫ్రీ' అంటే గోధుమ లేదనే, బార్లీ ఉండొచ్చు. అమెరికాలో అలర్జీ చట్టం ప్యాకెట్ల మీద గోధుమని చెప్పి తీరాలంటుంది కానీ బార్లీ, రై గురించి అనదు. అందువల్ల అక్కడి అలర్జీ పట్టికలో గోధుమ గడి ఖాళీగా ఉన్నా మాల్ట్ ఉండే అవకాశం ఉంది. యూరోపియన్ యూనియన్‌లో గ్లూటెన్ ఉన్న ధాన్యాలన్నీ కలిపి చెప్పాలి. 2014 డిసెంబర్ నుంచి రెస్టారెంట్లు కూడా ఆ సమాచారం ఇవ్వాల్సిందే. ప్రయాణాలు చేసేటప్పుడు ఈ తేడా గుర్తుంటే మంచిది. ఆ దేశపు భాషలో మీ జబ్బు గురించి రాసిన చిన్న కార్డు ఒకటి దగ్గర పెట్టుకోండి. అందులో గ్లూటెన్ అన్న మాటతో ఆపకుండా గోధుమ, బార్లీ, రై, సోయా సాస్, బ్రెడ్ పొడి అని పేరుపేరునా రాయించండి. ఉమ్మడి నూనె, ఉమ్మడి పాన్ వద్దని కూడా.

దేశాన్ని బట్టి గ్లూటెన్ దాక్కునే చోటు మారుతుంది. జపనీస్ భోజనంలో అంతా సోయా సాసే. దాని బదులు తమారి అడగొచ్చు, అది ఎక్కువగా గోధుమ లేకుండా చేస్తారు, సీసా మీద చూసి తీరాలి. మిసో అనే పులియబెట్టిన సోయా ముద్దలో కొన్ని రకాలు బార్లీతో చేస్తారు. సోబా నూడుల్స్ బక్‌వీట్‌తో (పేరులో వీట్ ఉన్నా అది గోధుమ కాదు) చేసినవే అయినా చాలావాటిలో గోధుమ పిండి కలుపుతారు. మెక్సికన్ వంటలో మొక్కజొన్న టోర్టియా సురక్షితమే, కానీ ఫ్రయ్యర్ ప్రశ్న అక్కడా వేయాలి. చిక్కటి మోలే సాస్‌లో బ్రెడ్ కూడా పడుతుంది. ఇథియోపియన్ ఇంజెరా అనే రొట్టె టెఫ్ అనే చిరుధాన్యంతో మాత్రమే చేస్తే మీరు తినొచ్చు, గోధుమో బార్లీయో కలిపి చేసేవాళ్లు చాలామంది. ఇండియన్ రెస్టారెంట్‌లో పొడి ఇంగువని అనుమానించండి, చాలా కంపెనీలు దాన్ని గోధుమ పిండిలో కలిపి అమ్ముతాయి. బ్రిటన్ తరహా చోట్ల చిప్స్ మీద చల్లే మాల్ట్ వెనిగర్, అది బార్లీది. ఐస్‌క్రీమ్ ఎక్కడైనా తినొచ్చు అనిపిస్తుంది కానీ ఆ స్కూప్ ముందు బిస్కెట్ ముక్కలున్న డబ్బాలో మునిగి ఉంటుంది. కొత్త డబ్బా తెరిచి, కడిగిన స్కూప్‌తో కప్పులో పెట్టమనండి. ఓట్స్‌లో సహజంగా ఈ గ్లూటెన్ ఉండదు గానీ పొలం నుంచి మిల్లు దాకా గోధుమతో కలుస్తూనే వస్తాయి. గ్లూటెన్ ఫ్రీ అని రాసినవైతే తప్ప బయట ముట్టుకోవద్దు.

మొహమాటం గురించి. నలుగురి ముందు, సర్వర్ నోట్‌బుక్ పట్టుకుని నిలబడ్డప్పుడు, ఆరు ప్రశ్నలు వేయడం ఎవరికైనా కష్టమే. అందుకని ఆ ప్రశ్నల్ని అక్కడ వేయకండి. మధ్యాహ్న భోజనాల హడావుడి తగ్గి, రాత్రి రద్దీ ఇంకా మొదలవని వేళ ఫోన్ చేయండి. మేనేజర్‌తోనో చెఫ్‌తోనో మాట్లాడండి, వాళ్లకూ తీరిక ఉంటుంది. ఏం చేసిపెడతారో అప్పుడే ఖాయం చేసుకుని పేరు రాసుకోండి. టేబుల్ దగ్గర 'మధ్యాహ్నం ఫలానావారితో మాట్లాడాను' అన్న ఒక్క మాట సరిపోతుంది. రెస్టారెంట్ ఎంచుకునే అవకాశం మీకొచ్చినప్పుడల్లా వదలకండి, కాస్త ముందుగా, జనం తక్కువ ఉన్నప్పుడు వెళ్లండి. మీ పరిస్థితి ఒక్క వాక్యంలో చెప్పండి: 'నాకు సీలియాక్ అనే జబ్బు ఉంది, గోధుమ పొడి తగిలినా పేగు దెబ్బతింటుంది.' ఇష్టం లేక మానేశానన్నట్టు చెబితే ఆ పాన్ ఎవరూ కడగరు. అంతా చెప్పి, చివర్లో పక్కవాళ్ల కేకు ఒక స్పూను రుచి చూడకండి మాత్రం. చూసిన సర్వర్ ఆ తర్వాత వచ్చే సీలియాక్ మనిషి మాట నమ్మడు.

ఎంజైమ్ మాత్రలు వద్దు. కొన్ని ఎంజైములు కడుపులో గ్లూటెన్‌ని కొంత విడగొడతాయి, అది నిజమే. కానీ మీ పేగుకి కావాల్సినంత పూర్తిగా విడగొడతాయని ఎవరూ నిరూపించలేదు. సీలియాక్ ఉన్నవాళ్లు వాటిని నమ్ముకుని బ్రెడ్ తినకూడదు. చేతులకు రాసుకునే శానిటైజర్ కూడా ఇలాంటి భ్రమే. అది క్రిములను చంపుతుంది గానీ గ్లూటెన్‌ని తుడిచేయదు. సబ్బు, నీళ్లే కావాలి, వండేవాళ్ల చేతులకైనా, మీ చేతులకైనా. పొరపాటున తిన్నాక దానికి విరుగుడు మందంటూ లేదు. నీళ్లు బాగా తాగి, తేలికగా తిని, విశ్రాంతి తీసుకోవడమే. విరేచనాలు తగ్గకపోతే డాక్టరు దగ్గరికి.

మీ టీటీజీ గురించి ఒక సూచన. ప్రతి కడుపునొప్పికీ రెస్టారెంటే కారణం అనుకుంటే అసలు కారణం తప్పిపోవచ్చు. సీలియాక్ ఉన్నవాళ్లలో పాలు అరగకపోవడం లాంటివి కూడా కలిసి ఉంటాయి, వాటి లక్షణాలు ఇలాగే ఉంటాయి. టీటీజీ దిగడానికి కొందరిలో ఏడాది పైనే పడుతుంది కూడా. వీలైతే రెండు మూడు నెలలు బయటి భోజనం పూర్తిగా ఆపి, డాక్టరుతో చెప్పి, మళ్లీ పరీక్ష చేయించుకోండి. విలువ బాగా దిగితే దోషి బయటి ప్లేటే. దిగకపోతే ఇంట్లో వెతకాలి: మందులు, ఓట్స్, మసాలా పొడులు, మునుపు బ్రెడ్ కాల్చిన టోస్టర్. ఆఫీసు పని మీద బయట తినాల్సి వచ్చిన రోజుల్లో డబ్బా తీసుకెళ్లడం కష్టమే, కానీ ఆ కొన్ని నెలలే. సీలియాక్ గురించి తెలిసిన డైటీషియన్ మీ ఇంటి సరుకుల జాబితా ఒకసారి చూస్తే ఈ వెతుకులాట సగం తగ్గుతుంది.

చివరగా బఫే. అక్కడున్న వంటకాల్లో ఏది సురక్షితం అని వెతకొద్దు. లోపల ఎంత జాగ్రత్తగా వండినా, బయట పెట్టిన పావుగంటకే పాస్తాలో గరిటె అన్నంలోకి వచ్చేస్తుంది, పైన ఎవరో బ్రెడ్ పట్టుకుని వంగుతారు. ఆ వరుసలోంచి నేనైతే ఏమీ తీసుకోను, తొక్క ఉన్న అరటిపండు, నారింజ లాంటివి తప్ప. దీనికి బదులు ఏర్పాట్లు చూస్తున్న మీ సహోద్యోగి దగ్గర హోటల్ బాంక్వెట్ మేనేజర్ నంబరు తీసుకోండి. కిచెన్ నుంచి నేరుగా, మూత పెట్టిన ప్లేటులో మీ ఒక్కరికీ విడిగా భోజనం కావాలని అడగండి. పెద్ద హోటళ్లకు ఇది కొత్త కాదు. ఏం కావాలో మీరే చెప్పండి: మసాలా పట్టించని చికెన్ కడిగిన పాన్‌లో, ఉడికించిన బంగాళాదుంప, నూనె, నిమ్మకాయతో సలాడ్. ఒప్పుకోకపోయినా, జవాబు నమ్మకంగా అనిపించకపోయినా ఇంట్లో తినే వెళ్లండి, చేతిలో ఒక గ్లాసు జ్యూస్ ఉంటే ఎవరూ ప్లేటు సంగతి అడగరు. వచ్చే వారం అంటున్నారు కాబట్టి ఈ రెండు రోజుల్లోనే ఫోన్ చేసేయండి, సరుకులు తెప్పించుకోకముందే చెబితే వాళ్లకీ తేలిక.